స్టాండు మోయకండి మాస్టారూ

ప్రశ్న: "నేను అమలాపురంలో ఉంటాను. గోదావరి మధ్యలో ఉన్న ఒక లంక గ్రామంలో ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. రేవు దాకా బండి మీద వెళ్ళి, అక్కడి నుంచి పడవ ఎక్కుతాను. మా 6, 7, 8 తరగతుల పిల్లలకు చంద్రుణ్ణి, గురుణ్ణి, శనిని టెలిస్కోపులో చూపించాలని ఎప్పటి నుంచో కోరిక. నా జీతంలోంచి కొంత, పాత విద్యార్థులు ఇచ్చింది కొంత కలిపి 15 వేల దాకా పెట్టగలను. 675 రెట్లు పెద్దదిగా చూపిస్తుందంటూ ఆన్‌లైన్‌లో 6 వేలకే ఒకటి కనిపించింది. తెలిసినాయన ఒకరు 127 మి.మీ. ఈక్యూ స్టాండు టెలిస్కోపు, దాదాపు కొత్తదే, 9 వేలకు ఇస్తానంటున్నారు. మూడు కాళ్ళ స్టాండుతో 70 మి.మీ. లెన్స్ టెలిస్కోపు కూడా చూశాను. ఏది కొనమంటారు? సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా?"

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన మూడింటిలో మొదటి రెండూ వద్దు. మూడోది ఫరవాలేదు. అయితే మీ బండికీ, మీ పడవకీ, మీ పిల్లలకీ సరిపడేది నాలుగోది ఒకటుంది. దాన్ని టేబుల్‌టాప్ డాబ్సోనియన్ అంటారు. దాని సంగతి చెప్పే ముందు మొదటి రెండూ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి.

675 రెట్లు అన్న మాట అబద్ధమని కాదు, పనికిరాని నిజం. ఎన్ని రెట్లు అనేది చిన్న భాగహారం. గొట్టం ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వస్తుంది. ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ లేదా అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరం. ఐపీస్ అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్. 900 మి.మీ. గొట్టానికి 4 మి.మీ. ఐపీస్ పెట్టి, దాని కింద మూడు రెట్ల బార్లో లెన్స్ (రెట్లను ఇంకా పెంచేది) తగిలిస్తే 675 వచ్చేస్తుంది. కాకపోతే అందులో కనిపించేది ఊగిపోయే మసక మచ్చ. లెన్స్ లేదా అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెట్టింపు దాకానే పెద్దది చేయడంలో అర్థముంది. 60 మి.మీ. లెన్స్‌కి 120 రెట్లు, 70కి 140 రెట్లు, అదీ గాలి బాగా నిలకడగా ఉన్న రాత్రుల్లో. 1610 జనవరిలో గెలీలియో గురుడి నాలుగు చందమామల్ని చూసింది దాదాపు 20 రెట్ల టెలిస్కోపుతోనే. పెట్టె మీద వ్యాసం కన్నా రెట్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయంటే ఆ పెట్టె విప్పకండి.

ఇక ఆ 127 మి.మీ.ది. 127 అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ముందు మీ మిత్రుణ్ణి రెండు సంగతులు అడగండి: గొట్టం పొడవెంత, దాని మీద రాసిన ఫోకల్ లెంగ్త్ ఎంత? గొట్టం అడుగున్నరే ఉండి, మీద 1000 మి.మీ. అని రాసి ఉంటే, ఐపీస్ పెట్టే చోట లోపల ఒక చిన్న లెన్స్ దాగి ఉన్నట్టు. దీన్ని బర్డ్-జోన్స్ రకం అంటారు. జాగ్రత్తగా తయారుచేస్తే బాగానే ఉండే పద్ధతి. చౌక రకాల్లో మాత్రం ఆ లెన్స్ నాణ్యత అంతంతే. పైగా అద్దాలు పక్కకు తొలిగితే మళ్ళీ సరిచేయడానికి ఆ లెన్స్ అడ్డం. బండి మీద, పడవలో తిరిగేదానికి అద్దాలు తొలగకుండా ఎలా ఉంటాయండీ?

గొట్టం మంచిదే అనుకుందాం. అయినా ఆ ఈక్యూ, అంటే ఈక్వటోరియల్ స్టాండు మన ప్రాంతంలో పంటి కింద రాయి. దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు తిప్పి పెట్టాలి, అప్పుడే అది చుక్కల వెంట చక్కగా తిరుగుతుంది. అమలాపురం అక్షాంశం 16న్నర డిగ్రీలు. అంటే ధ్రువనక్షత్రం ఉత్తరాన నేలకు 16న్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టి చూడండి, అది సుమారు 10 డిగ్రీలు. పిడికిలిన్నర ఎత్తులో కోనసీమలో ఏముంటాయో నేను చెప్పాలా! కొబ్బరి మట్టల సందుల్లో ధ్రువుణ్ణి వెతుక్కునేసరికి పిల్లల అమ్మలు అన్నాలకు కేకలేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి స్టాండ్లలో కొన్నిటిని అంత కిందికి వంచితే, గొట్టానికి సమతూకంగా ఉండే బరువు గుండు స్టాండు కాలికే తగులుతుంది. ఈ గుండు, దాని కడ్డీ, కాళ్ళు, గొట్టం అన్నీ కలిపి పది కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. బిగించడానికి ఇరవై నిమిషాలు, విప్పడానికి ఇంకో పది. చివరి పడవ అందుకోవాల్సిన మనిషికి ఇది సరిపడదు. ఫొటోలు తీసేవాళ్ళకు ఈక్యూ కావాలి, వాళ్ళ గొడవ వేరు.

టెలిస్కోపు కొనేవాళ్ళు గొట్టం గురించి అడుగుతారు కానీ స్టాండు గురించి అడగరు. యాభై రెట్లు పెద్దది చేసినప్పుడు స్టాండు ఊగడం కూడా యాభై రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. గట్టి స్టాండు మీద చిన్న టెలిస్కోపు శని వలయం చూపిస్తుంది. ఊగే స్టాండు మీద పెద్దది పెట్టినా శని చోట గీతలే కనిపిస్తాయి. అయితే గట్టి స్టాండు బరువు, మోయగలిగే స్టాండు ఊగుతుంది. ఈ మెలిక విప్పడానికి నాకు తెలిసిన సులువైన దారి స్టాండు మోయడం మానేయడమే.

డాబ్సోనియన్ అంటే చెక్క పీట మీద కుదురుగా కూర్చునే అద్దం టెలిస్కోపు. తిప్పడానికి గేర్లు, మరలు ఉండవు. చేత్తో తోస్తే పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ జారుతుంది, వదిలేస్తే అక్కడే ఆగుతుంది. దీన్ని జనంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ కథ మన పిల్లలకు చెప్పదగ్గది. ఆయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా చేరారు. చేతిలో డబ్బు లేదు. పాత ఓడ కిటికీ అద్దాన్ని అరగదీసి టెలిస్కోపు అద్దం చేశారు. అట్ట గొట్టాలు, పనికిరాని చెక్కముక్కలు చేర్చి స్టాండ్లు కట్టారు. ఆ తర్వాత మఠం వదిలి, వీధి మలుపుల్లో టెలిస్కోపు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళను ఆపి చంద్రుణ్ణి చూపించేవారు. 1968లో ఆయన చుట్టూ మొదలైన బృందం పేరే సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్. మీరు చేయబోయేదీ అదే పని. కాబట్టి ఆ పని కోసం పుట్టిన స్టాండే మీకూ నప్పుతుంది.

టేబుల్‌టాప్ అంటే అందులో పొట్టి రకం. నేల మీద పెడితే వంగి చూడలేం, ఏదో ఒక ఎత్తు మీద పెట్టాలి. ఇక్కడే మన ఊళ్ళు కలిసొస్తాయి. కొట్టేసిన కొబ్బరి చెట్టు మొదలు దగ్గర, వెడల్పుగా ఉండే చోట, రెండడుగుల ముక్క కోయించండి. పైన చదునుగా ఉండాలి. టెలిస్కోపు పీట అంతకన్నా వెడల్పైతే మీద ఒక మందపాటి పలక మేకులతో కొట్టించండి. ఆ మొద్దుని బడి ఆవరణలోనే ఉంచేయండి. ఇంకోటి మీ ఇంటి డాబా మీద. మొద్దు దొరక్కపోతే చిన్న సిమెంటు వర, దాని మీద చెక్క. ప్లాస్టిక్ కుర్చీ మీద మాత్రం పెట్టొద్దు, బడి బల్ల మీద కూడా వద్దు, పిల్లలు మోచేతులు ఆనిస్తారు. ఇక మీరు మోయాల్సింది ఒక స్కూలు బ్యాగంత సామాను. సంచిలోంచి తీసి మొద్దు మీద పెడితే రెండు నిమిషాల్లో చూడొచ్చు. రెండడుగుల మొద్దు మీద పెడితే ఐపీస్ కూడా ఆరో తరగతి పిల్లల కంటికి ఇంచుమించు అందే ఎత్తులోనే ఉంటుంది, పొడుగు పిల్లలు కాస్త వంగితే చాలు.

వీటిలో 76, 114, 130 మి.మీ. సైజులు తరచుగా కనిపిస్తాయి. 76 మి.మీ. చాలా చౌక, రెండు కిలోలే ఉంటుంది. అందులో చంద్రుడు, కృత్తికలు బాగుంటాయి. అద్దం వంపు సాదా గోళాకారం కావడంతో రెట్లు పెంచేకొద్దీ గ్రహాలు మసకబారతాయి. శని కోసం కొనేవాళ్ళు దానితో తృప్తిపడరు. 114 మి.మీ. మీ బడ్జెట్‌కి దగ్గరగా ఉంటుంది, నా ఓటు దానికే. పెట్టె మీద అద్దం పారాబోలిక్ (పరావలయం ఆకారంలో వంపు ఉన్నది) అని రాసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే దుకాణదారుణ్ణి అడగండి. 70 మి.మీ. లెన్స్ కన్నా ఇది రెట్టింపుకు మించి వెలుగు పట్టుకుంటుంది. స్కైవాచర్ హెరిటేజ్ 130 ఇంకా మంచిది. గొట్టం సగానికి ముడుచుకుంటుంది, బరువు ఆరు కిలోల పైచిలుకు. కొత్తది మీ 15 వేలకు రాదు కానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి. దాని పైసగం తెరిచి ఉంటుంది కాబట్టి చుట్టూ నల్లగుడ్డ కట్టుకోవాలి, లేకపోతే పక్క లైట్ల వెలుగు, మంచు రెండూ లోపలికి దిగుతాయి.

అద్దం టెలిస్కోపుకి ఒక చాకిరీ ఉంది, దాచను. కుదుపులకు అద్దం అటూ ఇటూ అవుతుంది. ఒక ప్రకాశవంతమైన చుక్కను మధ్యలోకి తెచ్చి, కావాలని ఫోకస్ తప్పించి చూడండి. గుండ్రటి వెలుగు మధ్యలో నల్లచుక్క సరిగ్గా నడుమ ఉంటే అద్దం కుదురుగా ఉన్నట్టు. పక్కకి జరిగితే వెనక మూడు మరలు కొద్దికొద్దిగా తిప్పాలి. మొదటిసారి టెన్షన్‌గా ఉంటుంది, తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలే చేసేస్తారు.

ఈ చాకిరీ వద్దనుకుంటే 70 మి.మీ. లెన్స్‌ది తీసుకోండి, తప్పేం లేదు. గొట్టం 700 లేదా 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌ది అయితే బాగుంటుంది. 300 మి.మీ. పొట్టి రకం గ్రహాలకు సరిపోదు. షాపులో స్టాండు మీద పెట్టించి గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో ఊగడం ఆగితే మంచిది, ఐదు దాటితే వదిలేయండి. కాళ్ళు పూర్తిగా సాగదీయకుండా, కింద ఇసుక నింపిన సంచి వేలాడదీసి, కుర్చీలో కూర్చుని చూస్తే చాలావరకు కుదురుకుంటుంది. మట్టి నేల మీద పెట్టండి. డాబా మీదైతే పిల్లవాడు గంతేసినా గురుడు గంతేస్తాడు.

ఈ లెన్స్ రకానికి మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి గ్రహాలు బాగా పైకి వస్తాయి. గురుడు వృషభ, మిథున రాశుల్లో ఉన్న ఏళ్ళలో దాదాపు నడినెత్తికి చేరతాడు, కృత్తికలు ఏటా చేరతాయి. ఆ పొడవాటి గొట్టాన్ని నడినెత్తికి తిప్పితే వెనక భాగం స్టాండు కాళ్ళకు కొట్టుకుంటుంది. అందుకని గ్రహం తూర్పున సగం ఎత్తులో ఉన్నప్పుడే చూసేయాలి. డాబ్సోనియన్ కూడా సరిగ్గా నడినెత్తిన కాస్త మొరాయిస్తుంది కానీ దేనికీ కొట్టుకోదు.

ఐపీస్‌ల సంగతి. గొట్టానికి ఒకటింపావు అంగుళం ఐపీస్‌లు పట్టాలి. అంతకన్నా సన్నవి పట్టే టెలిస్కోపు బొమ్మల కొట్టు సరుకే. 114 మి.మీ., 500 మి.మీ. ఫోకల్ లెంగ్త్ గొట్టంలో 25 మి.మీ. ఐపీస్‌తో 20 రెట్లు, 10 మి.మీ.తో 50 రెట్లు వస్తాయి. శని కోసం రెండు రెట్ల బార్లో ఒకటి కొంటే 100 రెట్లు. అంతకు మించి దేనికీ ఖర్చుపెట్టొద్దు.

ఎక్కువ రెట్లు వద్దనడానికి మీ విషయంలో ఇంకో కారణం ఉంది, అది పిల్లల వరస. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 50 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో ఒక డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది, అంటే గురుడు ఈ అంచు నుంచి ఆ అంచుకు నాలుగు నిమిషాల్లో వెళ్ళిపోతాడు. పిల్లకు అరనిమిషం ఇచ్చినా ఆరుగురు, ఏడుగురు చూస్తారు, తర్వాత మీరు కొంచెం తోస్తే చాలు. 100 రెట్లయితే రెండే నిమిషాలు. 200 రెట్లంటే ఇద్దరు చూసేసరికి గురుడు మాయం, మూడోవాడు 'ఏం లేదండీ' అంటాడు. చూసేటప్పుడు గొట్టం పట్టుకోవద్దని, చేతులు వెనక్కి కట్టుకోమని ముందే చెప్పండి. నిలకడగా నిలబడలేక ఐపీస్ మీద ముక్కు ఆనించే చిన్నపిల్లలకు పక్కన ఒక కర్ర పాతి, అది పట్టుకోమనండి.

రోజు ఎంచుకోవడానికి పంచాంగం చాలు. చంద్రుణ్ణి పౌర్ణమి నాడు చూపించొద్దు, నీడలుండవు కాబట్టి తెల్లటి పళ్ళెంలా చప్పగా ఉంటాడు. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా మంచి రోజులు, అష్టమి మరీ మంచిది. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గోతులు, కొండలు తేలి కనిపిస్తాయి. గురుడి పక్కన నాలుగు చుక్కల్ని పిల్లలతో బొమ్మ గీయించి, మర్నాడు మళ్ళీ గీయించండి, చోట్లు మారిపోతాయి. శని విషయంలో వాళ్ళని ముందే సిద్ధం చేయండి. 2025 మార్చిలో వలయాల అంచు మన వైపు తిరిగింది, దాంతో అవి సన్నగీతలా అయిపోయాయి. ఇప్పుడు ఏటికేడు విచ్చుకుంటున్నాయి, 2032 ప్రాంతంలో బాగా తెరుచుకుని కనిపిస్తాయి. మృగశిర కింద ఉన్న ఓరియన్ నీహారిక ఫొటోల్లోలా గులాబీ రంగులో ఉండదు, బూడిదరంగు పొగలా ఉంటుంది. ఈ మాట ముందు చెప్పకపోతే పిల్లలు నొచ్చుకుంటారు.

నెలల లెక్క మీకు తెలిసిందే. జూన్ నుంచి మబ్బులు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. నవంబరు చివర్లో ఆకాశం కడిగినట్టవుతుంది. డిసెంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదింటికి పిల్లల్ని ఇళ్ళకు పంపేయొచ్చు. రొయ్యల చెరువుల లైట్లు గట్టు మీద కన్నా లంకలో తక్కువ. వేసవి సెలవుల్లో మీరు లంకలో ఉండేటట్టయితే ఇంకో అదృష్టం ఉంది. దక్షిణాన ఏటి వైపు చెట్లు అడ్డు లేని ఇసుక తిన్నె మీద, మే మొదట్లో రాత్రి పదింటికి దక్షిణ శిలువ నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంకో గంటకు దాని ఎడమన, రెండున్నర పిడికిళ్ళ ఎత్తులో ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం వస్తుంది. మీ 114 మి.మీ. టెలిస్కోపులో 25 మి.మీ. ఐపీస్ పెట్టి చూడండి. ఢిల్లీలో వాళ్ళకు అది నేలబారున మసకలో ఉంటుంది, శిలువలో అడుగు చుక్కైతే అసలు పైకి రానే రాదు.

గోదావరి జిల్లాల్లో టెలిస్కోపుకి అసలు శత్రువు తేమ. శీతాకాలం రాత్రి ఎనిమిది దాటితే మంచు కురిసి లెన్స్ చెమర్చుతుంది. పాత యోగా మ్యాట్ ముక్కని గొట్టం మూతికి చుట్టి, వ్యాసానికి రెట్టింపు పొడవు ముందుకు సాగేలా కట్టండి, చాలాసేపు ఆపుతుంది. చెమర్చిన అద్దాన్ని తువ్వాలుతో తుడవొద్దు, పంచె అంచుతో అసలే వద్దు. తడి మీదే మూత పెట్టి సంచిలో పెడితే వానాకాలానికి బూజు పడుతుంది. ఇంటికొచ్చాక ఫ్యాన్ కింద మూత తీసి, గొట్టం మూతి కిందికి వంచి ఆరబెట్టాలి. ఆ తర్వాత గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. అంతర్వేది బీచికి తీసుకెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, కానీ ఉప్పుగాలిలో ఎక్కువసేపు ఉంచొద్దు, ఇసుకలో పీట పెట్టొద్దు.

పిల్లలున్న చోట ఒక్క విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. చౌక టెలిస్కోపుల్లో ఐపీస్‌కి బిగించే నల్ల 'సన్ ఫిల్టర్' ఒకటి వస్తుంది. అది వేడికి పగిలిందంటే ఆ క్షణంలోనే కన్ను పోతుంది. పెట్టె తెరిచిన రోజే దాన్ని పగలగొట్టి పారేయండి. గొట్టం ముందు వైపు పూర్తిగా కప్పే అసలైన సోలార్ ఫిల్టర్ లేకుండా పగలు టెలిస్కోపు బయటికి తీయొద్దు.

సెకండ్ హ్యాండ్ నిరభ్యంతరంగా కొనొచ్చు, 130 మి.మీ. అందుకోవడానికి మీకున్న దారి కూడా అదే. పగటిపూట వెళ్ళి, ఫోన్ టార్చి గొట్టంలోకి ఏటవాలుగా వేసి అద్దాన్ని చూడండి. దుమ్ము ఉంటే భయం లేదు. సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు, అంచుల్లో పూత లేచి నల్లబడి ఉంటే తేమ తిన్నట్టు, రెండింటిలో ఏది ఉన్నా బేరం కూడా ఆడొద్దు. తుడిచిన గీతలు ఒకటో రెండో ఉంటే ధర తగ్గించమనండి. పీట ఒకసారి చుట్టూ తిప్పి చూడండి. మెత్తగా జారాలి, వదిలాక వెనక్కి రాకూడదు. వదులుగా ఉన్న మర బిగించుకోవచ్చు కానీ తేమకు ఉబ్బిన చెక్క మళ్ళీ మామూలుకు రాదు. మీ మిత్రుడి 127 మి.మీ. మాత్రం, 5 వేలకు ఇస్తానన్నా వద్దనండి.